పెప్టైడ్ పురుగుమందు చేద్దామనుకుంటే ముందు తేనెటీగ సంగతి చూడండి

ఎంఎస్సీ ఎంటమాలజీలోనో బయోటెక్‌లోనో ఉండి, పెప్టైడ్ (అమైనో ఆమ్లాల చిన్న గొలుసు) పురుగుమందుల మీద పనిచేయాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నేను చెప్పేది ఒకటే. తేనెటీగ పరీక్షని చివరికి నెట్టకండి. చాలామంది పురుగుని చంపే సరుకు దొరకగానే రెండేళ్లు దాని చుట్టూ తిరిగి, ఆఖర్న తేనెటీగకి పెట్టి చూస్తారు. అక్కడ తేడా కొడితే రెండేళ్లూ గోవిందా.

మొదట పురుగుని ఖాయం చేసుకోండి. శనగపచ్చ పురుగులా ఆకునీ కాయనీ కొరికి తినేదా, పచ్చదోమలా రసం పీల్చేదా అన్నదాన్ని బట్టి తర్వాతి పనంతా మారిపోతుంది.

పెప్టైడ్ ఎక్కడ వెతకాలంటే, విషాల్లో, మొక్కల్లో. ఆస్ట్రేలియాలో మన శంఖుపుష్పం మొక్క సారంతో సెరో-ఎక్స్ అనే మందే ఉంది, అందులో తల, తోక కలిసిపోయి ఉంగరంలా ఉండే సైక్లోటైడ్‌లు పనిచేస్తాయి (పెరట్లో తీగ ఉంది కదా అని పువ్వులు నూరి కొట్టకండి, అది వేరే కథ). ఇంకా బాగా నలిగిన దారి ఆస్ట్రేలియాలోని బ్లూ మౌంటెన్స్ ఫనెల్‌వెబ్ సాలీడు విషం. సాలీడు విషం అనగానే కంగారుపడేవాళ్లుంటారు గానీ, ఒక్కో విషంలో బోలెడు పెప్టైడ్‌లుంటాయి, వాటిలో పురుగుల నాడుల మీద మాత్రమే పనిచేసేవాటిని ఏరుకోవడమే మన పని. అలా ఏరిన ఒకదాన్ని వెస్టరాన్ అనే అమెరికా కంపెనీ ఈస్ట్‌లో పులియబెట్టి స్పియర్ పేరుతో అమ్ముతోంది, 2014లో అక్కడ రిజిస్ట్రేషన్ వచ్చింది.

మొదట్లో కొన్ని మిల్లీగ్రాములు ల్యాబ్‌లో తయారుచేయించుకుంటే (సింథసిస్) చాలు. కొత్తవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. ఈ సాలీడు పెప్టైడ్‌లలో సాధారణంగా ఆరు సిస్టీన్‌లు (గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు) జతలు కట్టి మూడు ముడులు వేసుకుంటాయి. ఆరింటిని జతలుగా కలపడానికి 15 మార్గాలున్నాయి, పనిచేసేది ఒక్కటే. పదిహేనింటికీ బరువు ఒకటే కాబట్టి అణువు బరువు కొలిచే మాస్ స్పెక్‌లో సరైన నంబరు చూసి సంబరపడకండి, అణువుల్ని విడదీసే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో అసలు విషంలోని పెప్టైడ్ ఎన్నో నిమిషానికి బయటికొస్తుందో మీదీ అప్పుడే వస్తోందా చూడండి. ముడి తప్పితే పురుగు హాయిగా తిరుగుతుంది, మీరేమో పెప్టైడే పనికిరాదనుకుంటారు.

తర్వాత పురుగుకి ఇంజెక్షన్. చస్తుంది. అదే మోతాదు ఆకు మీద రాసి పెడితే మాత్రం చాలాసార్లు ఏమీ అవదు, తింటూనే ఉంటుంది, ఎందుకంటే పెప్టైడ్ పేగు గోడ దాటి లోపలికి పోదు. అందుకే తలుపు తీసేవాడు ఒకడు కావాలి, తేనెటీగకి ప్రమాదం దాగి ఉండేది కూడా ఆ తలుపు దగ్గరే. స్పియర్‌ని లద్దె పురుగుల మీద కొద్దిగా బీటీతో (గొంగళిపురుగుల్ని చంపే బ్యాక్టీరియా మందు) కలిపి కొడతారు. గొంగళిపురుగు పేగు బాగా క్షారంగా ఉంటుంది కాబట్టి బీటీ అక్కడ కరిగి రంధ్రాలు చేస్తుంది, తేనెటీగ పేగు అలా ఉండదు. అంటే తేనెటీగకి రెండు తాళాలు పడ్డట్టు: పెప్టైడ్ పురుగుల నాడుల కోసం ఏరింది, పైగా దాని పేగులో తలుపూ తెరుచుకోదు. రసం పీల్చే పురుగులకి ఈ బీటీ పనికిరాదు. ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ యూనివర్సిటీ వాళ్లు ఇంకో దారి పట్టారు, అదే సాలీడు పెప్టైడ్ ఒకదాన్ని స్నోడ్రాప్ మొక్క లెక్టిన్‌కి (చక్కెరలకి అంటుకునే ప్రొటీన్) అతికించారు. ఆ లెక్టిన్ తేనెటీగకి కూడా తలుపు తీసేసింది, మందు దాని మెదడులో కనిపించింది! అయినా ఈగలు దాదాపు మామూలుగానే బతికాయి, వాసనలు నేర్చుకున్నాయి, గుర్తుపెట్టుకున్నాయి. 2014లో అచ్చయిన పని అది. నేర్చుకునే శక్తిని కూడా కొలిచారు కాబట్టే ఆ మాట అనగలిగారు.

మీరూ చావు లెక్కతో ఆగకండి. తేనెటీగకి మందు తినిపించి చూసే అంతర్జాతీయ పద్ధతి ఓఈసీడీ 213లో పంజరానికి పది ఈగలు, కనీసం మూడు పంజరాలు, 50 శాతం పంచదార నీళ్లలో మందు, చీకట్లో 25 డిగ్రీల దగ్గర 48 గంటలు. పక్కన డైమిథోయేట్ (తేనెటీగల్ని చంపుతుందని తెలిసిన పురుగుమందు) పంజరం తప్పనిసరి, అందులో ఈగలు చావకపోతే మీ పరీక్షే తప్పు. అమెరికా లెక్కలో సగం ఈగలు చావడానికి ఈగకి 11 మైక్రోగ్రాముల కంటే ఎక్కువ పట్టాలి, అప్పుడే దాదాపు విషం లేనట్టు. తర్వాత పది రోజుల పరీక్ష, పిల్ల పురుగుల పరీక్ష. ఇక నాకిష్టమైనది నాలుక పరీక్ష: ఈగని ఐస్‌లో పెట్టి మత్తెక్కించి, చిన్న గొట్టంలో తల మాత్రం బయటికుండేలా బిగిస్తారు, వాసన ఊది, మీసానికి పంచదార నీళ్లు తాకిస్తే నాలుక చాపుతుంది. కొన్నిసార్లు అలా చేశాక ఉత్త వాసనకే చాపాలి. మందు తిన్నది చాపకపోతే, అది చావకపోయినా పొలంలో పూలు వెతకడం దానికి కష్టమే.

ఈ పద్ధతులన్నీ ఐరోపా తేనెటీగ మీద రాసినవి. మన పుట్టతేనె ఈగ దానికంటే చిన్నది కాబట్టి మోతాదు నేరుగా దించేయకుండా విడిగా చూడండి.

చివరగా, ఒట్టి పెప్టైడ్ మీద కాకుండా సీసాలోకి వెళ్లే మిశ్రమం మీద పరీక్షలన్నీ మళ్లీ చేయండి. ఆకుకి పట్టించడానికి కలిపే ఆర్గానోసిలికోన్ స్ప్రెడర్లు తేనెటీగలు వాసన నేర్చుకోవడాన్ని దెబ్బతీస్తాయని 2012లోనే అమెరికాలో చూపించారు. మీరు కలపకపోయినా రైతు డ్రమ్ములో కలుపుతాడు, కాబట్టి అది కలిపి కూడా ఒక పంజరం పెట్టండి.