కెనడా కళాకారులు, క్రీడాకారుల జీవిత కథ రాయాలంటే ఖాళీ సంవత్సరాల నుంచి మొదలుపెట్టండి

ఒక హాకీ ఆటగాడి గురించో, ఒక చిత్రకారిణి గురించో రాయడానికి కూర్చోగానే చాలామంది చేసే పని పుట్టిన ఊరు, తేదీ, అవార్డులు, రికార్డులు వరసగా దించుకోవడం. అందులో తప్పేమీ ఉండదు, కానీ చదివేవాళ్లకి మనిషి కనపడడు. అందుకే ఆ కెరీర్‌లో ఏమీ జరగనట్టు కనిపించే సంవత్సరాలు ఎక్కడున్నాయో ముందు వెతకమంటాను. అసలు కథ ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.

ఒక కాగితం మీద పుట్టిన ఏడాది నుంచి పోయిన ఏడాది దాకా నిలువుగా రాసుకుని, తెలిసిన సంగతులన్నీ ఎదురుగా నింపండి. ఎమిలీ కార్‌నే తీసుకోండి. 1871లో బ్రిటిష్ కొలంబియాలోని విక్టోరియాలో పుట్టింది, శాన్‌ఫ్రాన్సిస్కోలో, ఇంగ్లండ్‌లో, ఫ్రాన్స్‌లో చిత్రకళ నేర్చుకుంది, 1912లో పశ్చిమ తీరం వెంట ఆదివాసీ గ్రామాలు తిరిగి అక్కడి టోటెమ్ స్తంభాలను (బొమ్మలు చెక్కిన ఎత్తైన కొయ్య స్తంభాలు) చిత్రించింది, 1913లో వాంకూవర్‌లో ఆ బొమ్మలన్నీ ప్రదర్శనకు పెట్టింది. ఆ తర్వాత 1927 దాకా కాగితం దాదాపు ఖాళీ. ఆ కాలమంతా ఆమె విక్టోరియాలో గదులు అద్దెకిస్తూ, కుక్కల్ని పెంచి అమ్ముతూ, కుండలు చేస్తూ బతికింది. బొమ్మలు వేయడం బాగా తగ్గిపోయింది. 1927లో ఒట్టావా నేషనల్ గ్యాలరీ తన ప్రదర్శనకు ఆమె చిత్రాలు తీసుకుంది, ఆ ప్రయాణంలోనే గ్రూప్ ఆఫ్ సెవెన్ అనే కెనడా ప్రకృతి చిత్రకారుల బృందంలోని లారెన్ హారిస్ పరిచయమయ్యాడు, ఈ రోజు అందరికీ తెలిసిన ఆ అడవుల చిత్రాలు వేసింది ఆ తర్వాతే. అప్పటికి ఆమెకి 55 ఏళ్లు. ఇది తెలిశాక మీరు ఆమె కథని పుట్టిన తేదీతో మొదలుపెట్టగలరా?

కొందరి విషయంలో ఖాళీ అనిపించేది ఖాళీ కాదు. టొరంటో పియానిస్ట్ గ్లెన్ గూల్డ్ 31 ఏళ్ల వయసులో, 1964లో, కచేరీలు పూర్తిగా మానేశాడు. కచేరీల జాబితా మాత్రమే చూస్తే కెరీర్ అక్కడితో అయిపోయినట్టే. నిజానికి స్టూడియోలో రికార్డింగులు, కెనడా ప్రభుత్వ ప్రసార సంస్థ సీబీసీ రేడియోకి డాక్యుమెంటరీలు, రాతలు అన్నీ అక్కడి నుంచి ఊపందుకున్నాయి. బాఖ్ రాసిన గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్ అనే సంగీత కృతిని 1955లో ఒకసారి, 1981లో మళ్లీ రికార్డ్ చేశాడు: మొదటిది సుమారు 38 నిమిషాలు, రెండోది 51. రాసేముందు రెండూ వినండి, కనీసం మొదటి భాగమైనా. మధ్యలోని పాతికేళ్లలో ఆ మనిషి ఎంత మారాడో ఏ వ్యాసం చెప్పినా అంత బాగా అర్థం కాదు.

సమాచారం ఎక్కడ వెతకాలన్నది పెద్ద సమస్యేం కాదు. చాలాకాలం కిందట పోయినవాళ్ల కోసం డిక్షనరీ ఆఫ్ కెనడియన్ బయాగ్రఫీ చూడండి, ఆన్‌లైన్‌లో ఉచితం, సంపుటాలు మరణించిన ఏడాదిని బట్టి ఉంటాయి. ఈ మధ్యవాళ్లకైతే కెనడియన్ ఎన్‌సైక్లోపీడియా. కుటుంబ నేపథ్యం కావాలంటే లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడాలో జనగణన పత్రాలున్నాయి, కాకపోతే 92 ఏళ్లు దాటాకే బయటపెడతారు, 1931 నాటివి 2023లో వచ్చాయి. జాజ్ పియానిస్ట్ ఆస్కార్ పీటర్సన్ గురించి రాస్తున్నారనుకోండి, మాంట్రియల్‌లో వాళ్ల నాన్న రైల్వే పోర్టర్ (రైళ్లలో ప్రయాణికులకు సేవలు చేసే ఉద్యోగి) అన్న ఒక్క మాట చాలా దూరం తీసుకెళ్తుంది. నల్లజాతి మగవాళ్లకి ఆ రోజుల్లో దొరికే ఉద్యోగాలు చాలా తక్కువ, వాటిలో రైలు ఉద్యోగం ఒకటి. అందుకే మాంట్రియల్‌లో స్టేషన్ దగ్గరున్న వాళ్ల పేట నల్లవాళ్ల పేట అయింది, అక్కడే సంగీతం పెరిగింది.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది పాత పత్రికలతో. ఒంటారియోలో ఆదివాసీలకు కేటాయించిన సిక్స్ నేషన్స్ రిజర్వ్‌లో పుట్టిన, ఒనొండగా అనే ఆదివాసీ జాతికి చెందిన పరుగువీరుడు టామ్ లాంగ్‌బోట్ 1907లో బోస్టన్ మారథాన్ గెలిచాడు. ఆనాటి పత్రికలు అతన్ని పొగుడుతూనే జాతి పేరుతో చులకన చేశాయి, సోమరి అన్నాయి. కారణం ఏంటంటే అతను రోజూ ఒళ్లు హూనం చేసుకునేవాడు కాదు, కష్టమైన సాధన తర్వాత తేలికపాటి రోజులు, చాలా దూరం నడక, ఇదీ అతని పద్ధతి. ఇప్పుడు కోచ్‌లు చెప్పేది కూడా సరిగ్గా ఇదే! కాబట్టి పాత పత్రిక నుంచి తేదీ తీసుకోండి, ఫలితం తీసుకోండి, విశేషణాలు మాత్రం తీసుకోకండి. చిన్నప్పుడు రెసిడెన్షియల్ స్కూల్లో (ఆదివాసీ పిల్లల్ని ఇంటికీ, వాళ్ల సంస్కృతికీ దూరం చేసిన బడి) వేస్తే అతను పారిపోయాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో సందేశాలు మోసే రన్నర్‌గా పనిచేశాడు, తర్వాత టొరంటోలో వీధులు శుభ్రం చేసే విభాగంలో ఉద్యోగం చేశాడు. ఆ చివరి ఉద్యోగాన్ని పతనంగా రాస్తుంటారు. అలా రాయకండి దయచేసి. జీతం కోసం గౌరవంగా చేసిన పని అది.

అంకెల విషయానికొస్తే, అంకె పక్కన సందర్భం పెట్టండి. లాంగ్‌బోట్ బోస్టన్ టైమ్ 2 గంటల 24 నిమిషాల 24 సెకన్లు, కానీ అప్పటి కోర్సు ఇప్పటి 42.195 కిలోమీటర్లు కాదు, సుమారు 39. ఐస్ హాకీ ఆటగాడు వేన్ గ్రెట్‌స్కీ ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా హాకీ లీగ్)లో నెలకొల్పిన 894 గోల్స్ రికార్డును 2025 ఏప్రిల్‌లో రష్యా ఆటగాడు ఒవెచ్కిన్ దాటేశాడు, పాత వ్యాసం చూసి రాస్తే అక్కడే దొరికిపోతారు. నన్నడిగితే గ్రెట్‌స్కీకి గోల్స్ కన్నా అసిస్టులే (తోటి ఆటగాడి గోల్‌కి అందించిన పాస్‌లు) చెప్పాలి: 1,963. ఇంకే ఆటగాడికీ గోల్స్, అసిస్టులు రెండూ కలిపినా అన్ని పాయింట్లు లేవు. క్యాన్సర్ పరిశోధనకు విరాళాల కోసం కెనడా అంతటా పరిగెత్తాలని బయల్దేరిన టెర్రీ ఫాక్స్ విషయంలో 5,373 కిలోమీటర్లు అని రాసి వదిలేస్తే సరిపోదు, దాన్ని 143 రోజులతో భాగించి చూపించండి. క్యాన్సర్ వల్ల కుడికాలు తీసేసిన కుర్రాడు, కృత్రిమ కాలుతో, రోజుకి సగటున 37 కిలోమీటర్లకు పైగా పరిగెత్తాడు. 1980 సెప్టెంబర్ 1న థండర్ బే దగ్గర ఆగాల్సి వచ్చింది, క్యాన్సర్ ఊపిరితిత్తులకి పాకింది కాబట్టి.

మచ్చలు కూడా రాయాలి. కెనడా పరుగువీరుడు బెన్ జాన్సన్ 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 9.79 సెకన్లలో 100 మీటర్లు పరిగెత్తాడు, నిషేధిత స్టెరాయిడ్ స్టానొజొలాల్ వాడినట్టు తేలి పతకం పోయింది. దాన్ని దాచొద్దు, అలాగని అదొక్కటే జీవితం అన్నట్టూ రాయొద్దు. ఆ తర్వాత క్రీడల్లో డ్రగ్స్ వాడకంపై కెనడా ప్రభుత్వం వేసిన డూబిన్ విచారణలో కోచ్, డాక్టర్ల పాత్ర కూడా బయటపడింది, ఆ వాంగ్మూలాల సంగతి రాయకుండా ఆ కథ పూర్తి కాదు.

రాయడం అయ్యాక ఊళ్ల పేర్లు ఒకసారి సరిచూసుకోండి. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఆదివాసీలైన ఇన్యూట్ కళాకారిణి కెనోజువాక్ అషెవాక్ పనిచేసిన కేప్ డోర్సెట్‌ను 2020 నుంచి అధికారికంగా కిన్‌గైట్ అంటున్నారు. పాత పేరు ఒక్కసారి చెప్పి, మిగతా వ్యాసమంతా కొత్త పేరే వాడండి.