‘రీఇటరేట్’ను ఎప్పుడు, ఎలా వాడాలి

ఒకసారి చెప్పిన మాటకు బలం చేకూర్చడానికో, వినేవారికి సందేహం మిగలకుండా చేయడానికో దానిని మళ్లీ చెప్పడాన్ని ఇంగ్లిషులో ‘రీఇటరేట్’ అంటారు. మన పత్రికల్లో తరచూ కనిపించే ‘పునరుద్ఘాటించు’ అన్న క్రియ దీనికి చాలా దగ్గరగా వస్తుంది కనుక, అనుమానం కలిగినప్పుడు ఆ తెలుగు మాటను వాక్యంలో పెట్టి చూసుకోవడం మంచి పద్ధతి. ‘మంత్రి ప్రభుత్వ వైఖరిని పునరుద్ఘాటించారు’ అంటే చక్కగా కుదురుతుంది. ‘విద్యార్థి అదే తప్పును పునరుద్ఘాటించాడు’ అంటే కుదరదు. అక్కడ కావలసింది ‘రిపీట్’. పనులను మళ్లీ చేయడమన్న అర్థం కూడా నిఘంటువుల్లో ఉన్నప్పటికీ, నేటి వాడుకలో ఈ క్రియ దాదాపుగా మాటలకే పరిమితమైంది.

ఉపాధ్యాయుడు పలికినదాన్ని పిల్లలు తిరిగి పలకడం కూడా ‘రిపీట్’ చేయడమే. ‘రీఇటరేట్’ చేసే వ్యక్తి సాధారణంగా తాను మునుపు చెప్పిన అభిప్రాయాన్నే మళ్లీ చెబుతాడు. పదాలు మారినా భావం మారకపోతే చాలు.

లాటిన్‌లో ‘ఇటెరుమ్’ అంటే ‘మళ్లీ’. దాని నుంచి ‘ఇటెరారే’ అన్న క్రియ పుట్టింది, దానికి ముందు ‘మళ్లీ’ అనే అర్థమున్న ‘రె’ చేరి ‘రెఇటెరారే’ అయింది, పదిహేనో శతాబ్దంలో ఇంగ్లిషులోకి వచ్చింది. ఆ ‘ఇటెరుమ్’, మనం నిత్యం వాడే సంస్కృత పదం ‘ఇతర’ ఒకే మూలానికి చెందినవని భాషాశాస్త్రం చెబుతుంది. ఇంత దూరపు పదంలో మనకు తెలిసిన మాట కనిపించడం నాకెంతో ఆనందం కలిగిస్తుంది.

పదంలోనే ‘మళ్లీ’ రెండుసార్లు ఉంది కాబట్టి, మన కార్యాలయాల ఈమెయిళ్లలో కనిపించే ‘రీఇటరేట్ అగైన్’ పునరుక్తి దోషమే అవుతుంది. ‘రీఇటరేట్ అబౌట్’ అనడమూ తప్పే, ఎందుకంటే ఈ క్రియ కర్మను నేరుగా తీసుకుంటుంది: ‘ఐ రీఇటరేట్ మై రిక్వెస్ట్’ అనో, ‘షి రీఇటరేటెడ్ దట్ ద డేట్ వుడ్ నాట్ చేంజ్’ అనో రాయాలి. ఎవరికి చెబుతున్నామో తెలపాలంటే ‘టు’ తప్పనిసరి. ‘రీఇటరేట్ యు’ అనకూడదు. మొదటిసారి చెబుతున్న విషయానికి ఈ క్రియను అసలే వాడరాదు. పలికేటప్పుడు ఊనిక రెండో అక్షరమైన ‘ఇ’ మీద పడాలి. పై అధికారులకు రాసేటప్పుడు ‘ఐ రీఇటరేట్’ అని మొదలుపెడితే కొంత కటువుగా వినిపించవచ్చు కనుక, ‘ఐ వుడ్ లైక్ టు రీఇటరేట్’ అనడం మర్యాదగా ఉంటుంది.