మూడో గ్రేడ్ నదిలో కయాక్ దించే ముందు

నది ఉధృతిని ఒకటి నుంచి ఆరు దాకా గ్రేడ్లలో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ. నదికి మూడో గ్రేడ్ అని పేరుంది కదా అని ధీమాగా బయల్దేరకండి. ఎగువన గట్టి వాన పడినా, డ్యామ్ గేట్లు ఎత్తినా అదే రాపిడ్ (నీరు ఉరకలెత్తి పారే చోటు) నాలుగో గ్రేడ్‌కి చేరుతుంది. బయల్దేరే రోజు పొద్దున్నే నీటిమట్టం, గేట్లు ఎత్తే వేళలు కనుక్కోండి. మట్టం ఎంత దాటితే దిగకూడదో ముందురోజే అందరూ అనుకుని రాసిపెట్టుకోండి. కయాక్‌లు (తెడ్డుతో నడిపే సన్నని పడవలు) ఒడ్డున దించాక వెనక్కి తిరగడానికి ఎవరికీ మనసొప్పదు. తేటగా ఉన్న నీరు బురద రంగుకు మారి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తుంటే నది పెరుగుతున్నట్టే.

కనీసం మూడు పడవలుండాలి. లైఫ్ జాకెట్ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి, గడ్డం దాకా లేస్తే అది వదులే. హెల్మెట్, విజిల్ ప్రతి ఒక్కరికీ, అదనపు తెడ్డు జట్టుకొకటి. నీరు 15 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే ఎంత ఎండ కాస్తున్నా వెట్‌సూట్ (చలి నుంచి కాపాడే ఒంటికి అతుక్కునే రబ్బరు దుస్తులు) వేసుకోవాల్సిందే. నీళ్లలో పడ్డవాళ్లకు విసిరే తాడు సంచిలో, అంటే త్రో బ్యాగ్‌లో, నీటిపై తేలే తాడు 15–20 మీటర్లుండాలి. విసిరేవాళ్లు దాన్ని చేతికి చుట్టుకోకూడదు, ఒంటికి కట్టుకోకూడదు. తాడున్న చోట కత్తీ ఉండాలి.

నీళ్లలో పడ్డవాళ్లకు మొదట పుట్టే ఆలోచన లేచి నిలబడటం. ప్రాణం తీసేది అదే. పాదం రెండు రాళ్ల సందున ఇరుక్కుంటుంది, వెనకనుంచి ప్రవాహం వీపును తోసి ముందుకు పడేస్తుంది. కాలు బయటికి రాదు, తల పైకి లేవదు. ఇందుకు నడుం లోతు నీరు చాలు. ప్రవాహ వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది మరి. మోకాలి లోతు దాటిన పారే నీటిలో నిలబడకండి. వెల్లకిలా తేలుతూ, పాదాలు దిగువవైపు పైకెత్తి, చేతులతో ఒడ్డువైపు ఈదండి. ఒక్క సందర్భంలో మాత్రం దీనికి విరుద్ధంగా చేయాలి. ఎదురుగా పడిపోయిన చెట్టు వచ్చి, తప్పించుకునే వీలు లేకపోతే, బోర్లా తిరిగి తల ముందుంచి గట్టిగా ఈది, కొమ్మల మీదికి ఎక్కెయ్యాలి. నీరు కొమ్మల సందుల్లోంచి పోతుంది, మనిషి పోలేడు.

మలుపు అవతల ఏముందో కనబడకపోతే దిగి ఒడ్డు వెంట నడిచి చూడండి. నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టలు చూపుకు అమాయకంగా ఉంటాయి, కిందపడే నీరు మనిషిని మళ్లీ మళ్లీ గోడ దగ్గరికే లాగుతుంది. అక్కడ పడవను మోసుకుపోవడమే దారి. జట్టులో సైగలు ఇవి: తెడ్డు నిలువుగా ఎత్తితే రమ్మని, అడ్డంగా పడితే ఆగమని. చేత్తో చూపేది వెళ్లాల్సిన వైపే, ప్రమాదం వైపు ఎప్పుడూ చూపకండి.

నదిలోకి ఎక్కడ దిగుతున్నారో, తిరిగి ఒడ్డుకి ఎక్కడ ఎక్కుతారో, ఎన్నింటిలోగా ఫోన్ రాకపోతే సహాయం పిలవాలో ఒడ్డున ఉండేవాళ్లకి రాసిచ్చి వెళ్లండి.