ట్రంపెట్ మీద పాత పట్టు (పెదవులు ఆనించి బిగించే తీరు) మార్చుకుంటున్నారా? సమస్య - పరిష్కారం

సమస్య: బారాత్ సగంలోనే పెదవి మొద్దుబారుతుంది, పై స్వరాలు పలకవు

పాతబస్తీ గల్లీల్లో గుంతలు దాటుకుంటూ నడుస్తూ వాయించేవాళ్లకు, పెదవులకు ఆనించే మౌత్‌పీస్ కదలకుండా అదిమిపెట్టడం అలవాటైపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ దాని అంచు పై పెదవి ఎర్రభాగం మీదికి దిగుతుంది. కుర్రతనంలో బలంతో నెట్టుకొస్తాం, యాభై దాటాక కుదరదు. ట్రంపెట్ దించగానే అద్దం చూసుకోండి. గుండ్రటి గాడి ఎర్రభాగం మీదే పడి, చాలాసేపు పోకపోతే కారణం అదే.

పరిష్కారం: అంచును ఎర్రభాగం దాటించి కాస్త పైన ఆనించండి. కుడి చిటికెన వేలిని ట్రంపెట్ మీది కొక్కెంలోంచి తీసి ఊరికే పైన పెట్టండి, లాగి అదమడానికి ఆసరా ఉండదు. మౌత్‌పీస్ పై పెదవి మీద ఒక వంతు, కింది పెదవి మీద రెండు వంతులు అని 1864లో ఫ్రాన్స్ వాయిద్య గురువు ఆర్బన్ తన పాఠాల పుస్తకంలో రాసింది తన అలవాటునే. ఫ్రెంచ్ హార్న్ వాయించేవాళ్లు దానికి తలకిందులుగా పెడతారు. కొలత కంటే మీ పళ్ల వరస ముఖ్యం.

సమస్య: పాత పట్టు పోయింది, కొత్తది రాలేదు

ఈ దశ తప్పదు. నోటి చుట్టూ ఉన్న కండరాలకు ఇది కొత్త పని. అసలు చిక్కల్లా పొద్దున ఇంట్లో కొత్త పట్టు, రాత్రి పెళ్లిలో పాత పట్టు వాయించడంతోనే. అందుకే ఆషాఢంలో మొదలుపెట్టమంటాను, ముహూర్తాలుండవు కాబట్టి ఫోన్లూ రావు. ముస్లింల పెళ్లిళ్లే ఎక్కువ వాయించేవాళ్లు మొహర్రం చూసుకోవచ్చు. మధ్య స్థాయిలో మెల్లగా, పొడుగ్గా ఒక్కో స్వరం పట్టండి. ఎంతసేపు వాయిస్తే అంతసేపు పెదవికి రెస్ట్ ఇవ్వండి. నెలలో అయిపోయే పని కాదిది, శ్రావణం వచ్చాక కూడా లీడ్ కుర్రాళ్లకు వదిలి కింది వరస వాయించండి. చిన్నతనంగా ఉంటుంది, నిజమే.

సమస్య: నోటి మూలల్లోంచి గాలి పోతోంది

నవ్వినట్టు పెదవులు సాగదీస్తున్నారన్నమాట. మూలలు బిగించి లోపలికి ఉంచండి. బుగ్గలు ఉబ్బించడానికి జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు డిజ్జీ గిలెస్పీని సాకు చూపకండి, అది ఆయనకే చెల్లింది.

సమస్య: వాయిస్తుండగా పెదవిలో చురుక్కుమని, ఆ తర్వాత పట్టే నిలవదు

కండరం చిరిగి ఉండొచ్చు. మరో జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ముద్దుపేరు మీద దీన్ని సాచ్మో సిండ్రోమ్ అంటారు. పట్టు మార్చినా ఇది తగ్గదు. ఆ బారాత్ అక్కడే ఆపి, డాక్టర్‌కు చూపించుకోండి.