ఈఎస్‌పీ32తో గీజర్ నడపడానికి ఏ ఎస్‌ఎస్‌ఆర్ తీసుకోవాలి?

సాలిడ్ స్టేట్ రిలే (ఎస్‌ఎస్‌ఆర్, చిన్న సిగ్నల్‌తో పెద్ద లోడ్‌ని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) కొనేటప్పుడు అందరి చూపూ పెద్దక్షరాల్లో ఉండే 25ఏ, 40ఏ మీదకే పోతుంది. మీరు ముందు 3, 4 టెర్మినళ్ల దగ్గర ఏం రాసుందో చూడండి, లాజిక్ వైపు, అంటే బోర్డు నుంచి వచ్చే వైర్లు కలిపేది అక్కడే.

మామూలుగా 3-32 వీడీసీ (3 నుంచి 32 వోల్టుల డీసీ) అని ఉంటుంది. ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్ బోర్డు పిన్ 3.3 వోల్టులు ఇస్తుంది కాబట్టి సరిపోతుందనిపిస్తుంది గానీ, లోపలి ఎల్‌ఈడీ నాలుగైదు మిల్లీఆంపులు లాగగానే పిన్ వోల్టేజీ కాస్త దిగుతుంది, ఇక ఓసారి ఆన్ అవుతుంది, ఓసారి మొరాయిస్తుంది. ఆ టెన్షన్ ఎందుకు, మధ్యలో ఒక బీసీ547 ట్రాన్సిస్టర్ పెట్టేయండి. పిన్ నుంచి 1కె రెసిస్టర్ మీదుగా బేస్‌కి, ఎమిటర్ గ్రౌండ్‌కి, కలెక్టర్ రిలే 4వ టెర్మినల్‌కి, 3వ టెర్మినల్‌కి నేరుగా 5 వోల్టులు. బేస్ నుంచి గ్రౌండ్‌కి ఒక 10కె రెసిస్టర్ కూడా వేస్తే బోర్డు బూట్ అయ్యేటప్పుడు గీజర్ దానంతటదే ఆన్ అయ్యే అవకాశం తగ్గుతుంది. ఆర్డుయినో ఊనోది 5 వోల్టుల పిన్ కాబట్టి దానికి ఇదంతా అక్కర్లేదు, నేరుగా ఇవ్వొచ్చు.

మోడల్ చివర డీఏ అని ఉంటే డీసీతో ఏసీని నడిపేదని. దీనికి 12 వోల్టుల డీసీ మోటారు తగిలిస్తే ఒకసారి ఆన్ అయ్యాక ఇక ఆగదు, ఎందుకంటే లోపలి ట్రయాక్ (ఏసీని ఆన్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్) గుండా పోయే కరెంటు దాదాపు సున్నాకి దిగితేగానీ అది ఆఫ్ కాదు. డీసీ లోడ్‌కి డీడీ (డీసీతో డీసీని నడిపే) రకమే తీసుకోండి. హీటర్లకి జీరో క్రాసింగ్ రకం (ఏసీ వోల్టేజీ సున్నా దగ్గర ఉన్నప్పుడే ఆన్ అయ్యేది) బాగుంటుంది, ఫ్యాన్ స్పీడు ఫేజ్ కంట్రోల్‌తో (ప్రతి ఏసీ అలలో కొంత భాగమే పంపి) తగ్గించాలంటే మాత్రం అది పనికిరాదు, ర్యాండమ్ టర్న్ ఆన్ (ఏ క్షణంలోనైనా ఆన్ అయ్యేది) అడగండి.

ఇక ఆంపులు. 2000 వాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపులు లాగుతుంది. అలాగని 10ఏది కొనొద్దు, 25ఏది తీసుకోండి. ఆన్‌లో ఉన్నప్పుడు దాని మీద ఒకటీ ఒకటిన్నర వోల్టు పడిపోతుంది, అంటే దాదాపు పది వాట్ల వేడి, కాబట్టి హీట్‌సింక్, మధ్యలో థర్మల్ పేస్ట్ తప్పనిసరి. మార్కెట్లో నకిలీలు బోలెడు, మరీ చవగ్గా వస్తే అనుమానించాల్సిందే.

ఆఫ్‌లో ఉన్నా కొన్ని మిల్లీఆంపులు లీకవుతాయి, వైర్లు ముట్టుకునే ముందు ఎంసీబీ దించండి. పాడైనప్పుడు ఇవి ఎక్కువగా షార్ట్ అయి ఆన్‌లోనే ఉండిపోతాయి, అందుకే గీజర్‌లోని థర్మోస్టాట్‌ని, వేడి మితిమీరితే కరెంటు ఆపేసే కటౌట్‌ని ఎట్టి పరిస్థితుల్లోనూ బైపాస్ చేయొద్దు.