పెరట్లో పూలున్నా సీతాకోకచిలుకలు నిలవడం లేదా?

సమస్య: పూలు విరగబూస్తున్నాయి. సీతాకోకచిలుకలు వచ్చి తేనె తాగి పోతున్నాయే కానీ గుడ్లు పెట్టడం లేదు.

కారణం: పూలు పెద్దవాటికి తిండి. పిల్లపురుగుకి కావాల్సింది ఆకు, అదీ ఒక్కో జాతికి ఒక్కో రకం. తల్లి ముందుకాళ్లతో ఆకును తట్టి రుచి చూసుకున్నాకే గుడ్డు పెడుతుంది. పెటూనియా కుండీలు ఎన్ని పెట్టినా ఇక్కడి సీతాకోకలకు ఆ ఆకు పనికిరాదు. లాంటానా మీద తెగ వాలతాయి కదా అంటారు. వాలతాయి, నిజమే. కానీ అమెరికా ఖండాల నుంచి వచ్చిన ఆ మొక్క పండ్లను పిట్టలు మోసుకెళ్లి మన అడవుల నిండా పరిచేశాయి. కొత్తగా నాటొద్దు.

పరిష్కారం: కరివేపాకు, నిమ్మ ఉంటే సగం పని అయినట్టే. తంగేడు, రేల నాటితే లేతపసుపు సీతాకోకలు గుడ్లు పెడతాయి. బతుకమ్మకి తంగేడు పువ్వు కొనుక్కునే రోజులొచ్చాయి కాబట్టి ఆ అవసరమూ తీరుతుంది. వినాయక చవితి పత్రికి వెతుక్కునే జిల్లేడు మీద నారింజ రెక్కలకు నల్ల అంచున్న ప్లెయిన్ టైగర్ సీతాకోక పెరుగుతుంది. ఇంట్లో జిల్లేడు ఉండకూడదనుకుంటే గోడ బయట మొలిచినదాన్ని పీకకుండా వదిలేయండి చాలు. పాలు మాత్రం కంట్లో పడనివ్వొద్దు. నల్ల ఈశ్వరి తీగ దొరికితే వదలకండి, ఎర్ర ఒంటి కామన్ రోజ్ సీతాకోక పిల్లపురుగులు తినేది ఆ జాతి తీగలనే.

సమస్య: కరివేపాకు రెబ్బల్ని పురుగులు ఈనెలు మాత్రమే మిగిలేలా తినేస్తున్నాయి.

కారణం: మీ తోట పనిచేస్తోంది! ఆకు మీద పిట్టరెట్టలా కనిపించేది నిమ్మ సీతాకోక పిల్ల. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. వేలితో తాకితే తల వెనక నుంచి రెండు నారింజ కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది.

పరిష్కారం: మందు కొట్టకండి. వేపనూనె సహజమైనదే అయినా ఈ పురుగునూ దెబ్బతీస్తుంది. వంటకి ఒక మొక్క, వీటికి ఒక మొక్క పెట్టుకుని, పురుగుల్ని రెబ్బతో సహా అటు మార్చండి. చెట్టు మళ్లీ చిగురిస్తుంది. పురుగు ఉన్నట్టుండి మాయమైతే పిట్ట తిని ఉండొచ్చు, లేదా గూడు కట్టుకోవడానికి పక్క కొమ్మకో గోడకో పాకి ఉండొచ్చు.

సమస్య: మందు కొట్టకపోయినా కొత్త మొక్క మీద పురుగులు చచ్చి పడుతున్నాయి.

కారణం: నర్సరీలో ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందు వాడి ఉండొచ్చు. అది మొక్క ఒంట్లోకి ఎక్కి ఆకులోకి, పుప్పొడిలోకి, తేనెలోకి కూడా చేరుతుంది. కడిగితే పోదు.

పరిష్కారం: కొనేముందు అడగండి. ఇంకా మేలు, గింజ నుంచి పెంచండి. తంగేడు గింజ పెంకు గట్టిది, వేడినీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి నాటండి.

సమస్య: బీర, సొర పిందెలు పసుపెక్కి రాలుతున్నాయి.

కారణం: పుప్పొడి అందకపోవడం కావచ్చు. ఈ పూలు విచ్చుకునేది సాయంత్రం, వాటి దగ్గరికి వచ్చేవి ఎక్కువగా చిమ్మటలు, అంటే రాత్రిపూట తిరిగే సీతాకోకల్లాంటి పురుగులు. మిద్దె మీద రాత్రంతా లైటు వెలిగితే అవి పువ్వు మానేసి బల్బు చుట్టూ తిరుగుతాయి.

పరిష్కారం: లైటు ఆపండి. ఈలోగా పొద్దుగూకాక మగపువ్వు కోసి ఆడపువ్వు మధ్యలో రుద్దండి. వంకాయ, టమాటాల సంగతి వేరు: ఆ పువ్వును పట్టుకుని ఝుమ్మని ఊపితేనే పుప్పొడి బాగా రాలుతుంది. తేనెటీగకి ఆ విద్య రాదు, నల్ల తుమ్మెదకి వచ్చు. ఎండు వెదురు బొంగులు, పాత కర్ర దుంగ ఓ మూల ఉంచితే అందులో గూడు పెట్టుకుంటుంది. నేలలో బొరియలు చేసుకునే తేనెటీగలూ ఉన్నాయి, పెరడంతా టైల్స్ పరిచేస్తే వాటికి చోటెక్కడ? కాస్త మట్టి వదలండి.

సమస్య: గులాబీ ఆకులు అంచుల్లో గుండ్రంగా కత్తిరించినట్టున్నాయి.

కారణం: ఆకు కత్తిరించే తేనెటీగ. ఆ ముక్కలతో గూడు అల్లుకుంటుంది. మొక్కకేమీ కాదు, వదిలేయండి.

సమస్య: ఎండాకాలం ఒక్క సీతాకోకా కనిపించదు.

కారణం, పరిష్కారం: తడి, లేత ఆకు రెండూ తగ్గే కాలం. ఎండిందనుకుని తంగేడును పీకెయ్యకండి, వానలకి చిగురిస్తుంది. నీడలో ఓ పళ్లెంలో మట్టి పోసి, చిటికెడు ఉప్పు కలిపి తడుపుతూ ఉంటే మగ సీతాకోకలు లవణాల కోసం వాలతాయి. నీళ్లు మాత్రం నిలవనివ్వొద్దు, దోమలు పెడతాయి గుడ్లు.