ముందు సూర్యుడు, తర్వాతే ఆకాశం

డిజిటల్‌లో ప్రకృతి దృశ్యం వేసేటప్పుడు ఆకాశానికి రంగు ఎంచుకునే ముందు సూర్యుడు ఎక్కడున్నాడో తేల్చుకోండి. నేనైతే పై లేయర్‌లో, అంటే బొమ్మ మీద పరిచిన పారదర్శకమైన పొరలో, చిన్న బాణం గుర్తు గీసి పెట్టుకుంటాను. బొమ్మ పూర్తయ్యేదాకా దాన్ని చెరపను.

సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉంటే కొబ్బరిచెట్టు నీడ చెట్టంతే ఉంటుంది. 10 డిగ్రీలకు దిగితే అయిదున్నర రెట్లకు పైగా సాగుతుంది. సాయంత్రం రంగులు వేసి కురచ నీడలు పెడితే చెట్టు అతికించినట్టు కనిపిస్తుంది.

ఆకాశమంతా ఒకే నీలంతో నింపేయకండి. పైన ముదురు నీలం, కిందికి వచ్చేకొద్దీ పాలు కలిపినట్టు తెల్లబారాలి.

ఇక అసలు సంగతి నీడలు. వాటికి నలుపు మాత్రం వాడొద్దు, దయచేసి. ఎండ పడని చోటికి వెలుగు వచ్చేది చాలావరకు ఆకాశం నుంచే. అందుకే కలర్ పికర్‌తో (బొమ్మలోంచే రంగును ఎత్తి తీసుకునే పరికరం) ఆకాశం నీలాన్నే తీసుకుని, కింది రంగును ముదురు చేసే మల్టిప్లై లేయర్‌లో పలచగా వేయండి. నాట్లకు నీళ్లు పెట్టిన మడిలో ఆకాశం కనిపిస్తుంది కదా, ఆ ప్రతిబింబం పైనున్న ఆకాశం కంటే ఒక పిసరు ముదురుగా ఉండాలి. ఈ ఒక్కటీ సరిచేసి చూడండి, నీళ్లు నీళ్లలా కనిపిస్తాయి.